ఉప్పునీటి సమీకరణం

మాది సముద్రం మీద బతికే ఇల్లు. నాకు మాత్రం సముద్రం మీద కడుపు నిలవదు. పదహారేళ్లప్పుడు మొదటిసారి బోటెక్కి, హార్బరు దాటీ దాటకముందే వాంతులు మొదలుపెట్టి, తిరిగి ఒడ్డుకొచ్చేదాకా చేపల గది మూత మీదే పడి ఉన్నాను. ఇంకో రెండుసార్లు తీసుకెళ్లి చూశారు. నాలుగోసారి మా బావ నన్ను ఎక్కనివ్వలేదు. బావ అంటే మా అక్క భర్త; అతనూ నన్ను బావా అనే పిలుస్తాడు. ఆ బోటు నడిపేది అతనే. "ఈడు నేల మీద జాలరి. ఒగ్గేయండి, వలలు కుట్టుకుంటాడు," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అప్పటినుంచి వలలు బాగుచేయడమే నా పని. పొద్దున ఆరింటికి హార్బర్‌లో రేకుల షెడ్డు కింద కూర్చుంటే మధ్యాహ్నానికి చేతులు ఖాళీ అవుతాయి. భోజనం చేసి గ్రంథాలయానికి వెళ్తాను. ఎనిమిదో తరగతితో బడి మానేసినవాడిని కాబట్టి ఈ సంగతి కొంచెం గొప్పగానే చెప్పుకుంటాను. పత్రికలు చదివే గది దాటి, పోటీ పరీక్షల పుస్తకాల వెనక్కి వెళ్తే ఒక పాత ఇనుప బీరువా ఉంది. పై తరగతుల పాఠ్యపుస్తకాలన్నీ అందులో పడేశారు. తలుపు సరిగ్గా పడదు, తాళం లేదు. అందులో లెక్కలు, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం ఎడమ చివర నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే చదువుకుంటూ వచ్చాను. నాకు పరీక్ష పెట్టేవాళ్లు లేరు. అందువల్ల తప్పు చేస్తే ఎర్ర సిరా పెట్టేవాళ్లూ లేరు.

రసాయనశాస్త్రంలో ఉప్పు ద్రావణాల విద్యుద్విశ్లేషణ అని ఒక అధ్యాయం ఉంది. ఉప్పు కరిగిన నీటిలోకి కరెంటు పంపితే ఏమేమి విడిపోతాయో, దాన్ని సమీకరణంగా ఎలా రాయాలో, రెండు వైపులా పరమాణువుల లెక్క ఎలా సరిపెట్టాలో చెప్పే పాఠం. దాని మీద నాకు ప్రత్యేకమైన ఇష్టం కలిగింది. ఉప్పునీరంటే మా వాకిట్లోది. దాని గురించి పుస్తకంలో రాశారంటే మా వీధి గురించి రాసినట్టే అనిపించింది.

మొదటిరోజు నోట్‌బుక్కులో నా అంతట నేను రాసి చూశాను. ఉప్పంటే సోడియం, క్లోరిన్. కరెంటు పెడితే రెండూ విడిపోవాలి. ఎడమవైపు రెండు ఉప్పు, కుడివైపు రెండు సోడియం, ఒక జంట క్లోరిన్. లెక్క సరిపోయింది. కింద గీత గీశాను.

నాకు ఎదురుగా ఒక పెద్దాయన రోజూ పేపరు చదువుకుంటూ కూర్చునేవారు. స్టీల్ ప్లాంటులో నీళ్లు పరీక్షించే ల్యాబులో పనిచేసి రిటైరయ్యారు. కూర్మన్నపాలెం నుంచి బస్సెక్కి ఇంత దూరం వచ్చేది ఇంట్లో టీవీ గోల పడలేకనట. ఆయన పేపరు పక్కన పెట్టి నా నోట్‌బుక్కు తనవైపు తిప్పుకున్నారు.

"ఇది కరిగించిన ఉప్పుకి రాసేదయ్యా. నిప్పులా కాగిన ఉప్పుకి. నువ్వు పైన ద్రావణం అని రాసుకున్నావు కదా, మరి నీళ్లేవి?"

"నీళ్లున్నాయి కదండి. ఉప్పు అందులోనే ఉంది," అన్నాను.

"ఉంటే రాయాలి కదా! నీళ్లల్లో సోడియం పుడితే ఊరుకుంటదేటి? సముద్రం ఒడ్డున పుట్టి నీళ్లే మర్చిపోయావు!" అని ఆయన అంత నిశ్శబ్దపు గదిలోనూ పైకి నవ్వేశారు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రం గది మూసేదాకా కూర్చుని మళ్లీ రాశాను. ఉప్పు, నీరు కలిసి సోడియం హైడ్రాక్సైడు, హైడ్రోజన్, క్లోరిన్ అవుతాయి. క్లోరిన్ కుడివైపు జంటగా పుడుతుంది కాబట్టి ఎడమవైపు ఉప్పు రెండు కావాలి. ఉప్పు రెండయితే సోడియం రెండు, కనుక హైడ్రాక్సైడు రెండు. హైడ్రాక్సైడు రెండయితే ఆక్సిజన్ రెండు, కనుక నీరు రెండు. ఇక మిగిలింది హైడ్రోజన్ ఒక్కటే. భయంభయంగా లెక్కపెట్టాను. ఎడమ నాలుగు. కుడివైపు హైడ్రాక్సైడులో రెండు, విడిగా రెండు. నాలుగు.

2NaCl + 2H₂O → 2NaOH + H₂ + Cl₂

బోటు ఒక పక్కకి ఒరగకుండా ఐసు రెండు పక్కలా సర్దుతారు. ఆఖరి దిమ్మ పెట్టాక బోటు నీటిమీద సమంగా నిలబడినప్పుడు బోటు మీద పనిచేసే కళాసీలకు కలిగే తృప్తి నాకు ఆ రోజు కలిగింది. తర్వాత మైలుతుత్తం ద్రావణానికి రాశాను, ఇంకా నాలుగైదు ఉప్పులకి రాశాను. అవేవీ ఈ సమీకరణమంత సొంతంగా అనిపించలేదు. ఆ అధ్యాయంలో ప్రతి మాటా నోట్‌బుక్కులోకి ఎక్కించుకున్నాను. క్లోరిన్ గాలికంటే బరువైనదనీ, విషవాయువనీ కూడా నా చేత్తోనే రాసుకున్నాను.

వేట నిషేధం ఉండే రెండు నెలల్లో బోట్లన్నీ హార్బర్‌లో ఒకదాని పక్కన ఒకటి కట్టేసి ఉంటాయి. ఆ ఎండాకాలం మధ్యాహ్నం ఒకరోజు నా చదువు బావకి చూపించాలని బుద్ధి పుట్టింది. పాత టార్చి సెల్లులు పగలగొట్టి నల్ల కడ్డీలు రెండు తీశాను. బోటు పైతట్టు మీద ఒక గాజు గ్లాసులో సముద్రం నీళ్లు పోసి, కడ్డీలకు వైర్లు చుట్టి బాటరీకి కలిపాను. భోజనం తెచ్చిన అక్క కూడా చూస్తూ నిలబడింది. రెండు కడ్డీల దగ్గరా బుడగలు లేచాయి. పసుపునీళ్లలో ముంచిన గుడ్డపీలిక ఒక కడ్డీ దగ్గర పెట్టాను. చూస్తుండగానే ఎర్రబడింది.

"ఓలమ్మ! పారాణయిపోనాది," అంది అక్క.

"సున్నం తగిలినట్టే అక్కా. సోడియం హైడ్రాక్సైడు పుట్టింది," అన్నాను.

రెండో కడ్డీ దగ్గర బావని వాసన చూడమన్నాను. అతను గ్లాసు మీదకి వంగి, మొహం చిట్లించి, నవ్వాడు. "ఇంత సదువూ సదివి బ్లీచింగు తీసావేటి బావా! కొట్లో దొరకదేటి?"

మావాళ్లకి బ్లీచింగ్ వాసన కొత్తది కాదు. వేట నుంచి వచ్చిన ప్రతిసారీ చేపల గది బ్లీచింగు పొడితో కడుగుతారు. ఆ వాసన వస్తుంటే బోటు శుభ్రంగా ఉందని అర్థం. ముక్కు మూసుకునేవాడిని వెక్కిరిస్తారు. నేను బావకి క్లోరిన్ అనే పేరు చెప్పాను. అదే పురుగుల్ని చంపుతుందనీ, నగరంలో కుళాయి నీళ్లలో కూడా అదే కలుపుతారనీ చెప్పాను. కాగితం మీద సమీకరణం రాసి రెండు వైపులా లెక్కపెట్టించాను. బావ వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టాడు. సరిపోయేసరికి అతనికీ సరదా వేసింది. "మా బావ సముద్రాన్ని ఇప్పి మళ్లీ బిగించీసాడు," అని రెండు రోజులు కనపడినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. విషమన్న మాట మాత్రం నేను అతనికి చెప్పలేదు. దాచాలని కాదు. అది సమీకరణంలో లేదు కాబట్టి నోటికి రాలేదు.

నిషేధం ఇక రెండు రోజుల్లో ముగుస్తుందనగా ఛార్జింగుకి ఇచ్చిన బాటరీలు తెచ్చారు. ఇంజను గదిలో అవి పెట్టే ఎత్తు బల్ల చీకిపోయిందని తీసేశారు. కొత్తది పొద్దున్న కొట్టొచ్చులే అని ఆ సాయంత్రానికి బాటరీలు గది అడుగునే పెట్టి, వైర్లు బిగించి, పైన మూత వేసి ఇళ్లకు వెళ్లారు. ఇంజను నుంచి బోటు కింద నీళ్లలో తిరిగే ఫ్యానుకి వెళ్లే కడ్డీ చుట్టూ, నీరు లోపలికి రాకుండా కూరిన దారం రెండు నెలలు ఎండిపోయి వదులైంది. అక్కడినుంచి సముద్రం నీరు కొంచెం కొంచెంగా లోపలికి ఊరింది. ఇవన్నీ తర్వాత తెలిసినవి.

మర్నాడు ఉదయం ఎనిమిది గంటలకు బావ మూత తీశాడు. నేను బాగుచేసిన వల ఇవ్వడానికి బోటు మీదే ఉన్నాను. పక్కనున్న కళాసీ ముక్కు ఎగబీల్చి, "ఎవుడో కడిగీసినట్టున్నాడు. బ్లీచింగు దట్టంగా కొట్టాడు," అన్నాడు.

బావ వంగి వాసన చూశాడు. ఒక్క క్షణం ఆలోచించి నావైపు తిరిగాడు. అతని మొహం వెలిగిపోయింది. "కాదురా. కడిగింది కాదు. ఇది మా బావ గలాసులో వాసన. ఏటి బావా, కాదేటి?"

నేనూ తొంగిచూశాను. కింద నల్లటి నీరు బాటరీల పైభాగాన్ని తాకుతోంది. వైర్లు బిగించిన చోట్ల సన్నటి బుడగలు వరసగా లేస్తున్నాయి. పుస్తకంలో బొమ్మ వేసినట్టుగా ఉంది. ఆ క్షణంలో నాకు సంతోషం కలిగింది. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ అదే జరిగింది. నేను నేర్పింది మా బావ గుర్తుపట్టాడు, అందరి ముందూ.

"అదే బావా! క్లోరిన్. ఇవతల లేచేది హైడ్రోజన్," అన్నాను.

"మరైతే వైర్లు పీకేత్తే ఆగిపోద్ది కదా?"

"పీకేస్తే ఆగిపోద్ది," అన్నాను.

బావ నిచ్చెన దిగాడు. మొదటి వైరు వచ్చింది. రెండోదాని నట్టు పట్టేసింది. దాన్ని విప్పడానికి అతను మోకాళ్ల మీద కూర్చుని, మొహం బాటరీ దగ్గరగా పెట్టాడు. పైనుంచి నాకు అతని వీపు కనిపిస్తోంది. దగ్గు వినిపించింది. మళ్లీ దగ్గు. తర్వాత ఆ దగ్గుకి మధ్యలో ఖాళీ లేకుండా పోయింది. "బేగి రా బావా, ఒచ్చీ!" అని అరిచాను. అతను నిచ్చెన పట్టుకున్నాడు కానీ కాళ్లు ఎక్కలేదు. ఇద్దరు కళాసీలు తడిగుడ్డలు మూతికి కట్టుకుని సగం దిగి, చంకల కింద తాడు వేసి లాగారు. పైతట్టు మీద పడుకోబెట్టేసరికి కళ్లల్లోంచి, ముక్కులోంచి నీరు కారుతోంది. ఊపిరి పీలుస్తుంటే ఈల వేసినట్టు శబ్దం.

పెద్దాసుపత్రిలో డాక్టరు ఏ గ్యాసని అడిగాడు. నేను క్లోరిన్ అని చెప్పి, ఎలా పుట్టిందో కూడా చెప్పాను. ఆయన తలెత్తి నావైపు చూసి ఏం చదువుకున్నావన్నాడు. ఆ స్థితిలోనూ ఆ ప్రశ్న నాకు నచ్చింది. ఆ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

అక్క అమ్ముకునే ఎండుచేపల బుట్ట ఎక్కడో పడేసి, ముక్కుకి గొట్టం పెట్టి ఉన్న బావ మంచం దగ్గరకు పరుగెత్తుకొచ్చింది. "నీకు తెలుసంట కదా అదేటో. మరి దిగుతుంటే ఏటి సేత్తన్నావ్?" అని నన్నడిగింది. నేను నోరు తెరిచేలోగా బావ చెయ్యెత్తి ఆపాడు. ముక్కు దగ్గర గొట్టం పక్కకి జరిపి, ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ అన్నాడు. "ఈడు ఒద్దనే అన్నాడే. నానే... దిగీసాను."

అది అబద్ధం. నేను దాన్ని దిద్దలేదు.

పది రోజుల తర్వాత ఇంటికి పంపేశారు. ఊపిరితిత్తుల లోపలి పొర కాలినట్టయిందనీ, మానడానికి నెలలు పడుతుందనీ, ఎంతవరకు మానుతుందో చెప్పలేమనీ అన్నారు. మూడు గొట్టాల్లో మూడు బంతులున్న ప్లాస్టిక్ పరికరం ఒకటి ఇచ్చారు. గొట్టం నోట్లో పెట్టుకుని గాలి లోపలికి లాగితే బంతులు లేవాలి. మొదట్లో ఒక్కటి లేచేది. బావ దాన్ని చూసి, "మూడోది లెగిసిన రోజు బోటెక్కీడమే," అన్నాడు. అప్పటినుంచి మా ఇంటి కాలమంతా ఆ మూడో బంతి చుట్టూ తిరిగింది. అక్క పొద్దున్నే హార్బర్‌లో చేపల వేలంపాటకి వెళ్లేముందు బావ ఎదురుగా కూర్చుని రెండుసార్లు లాగించేది. చలికాలానికి రెండో బంతి నిలబడింది. మూడోది అడుగున కదిలేది, అంతే.

బావ షెడ్డుకి వచ్చి నా పక్కన కూర్చునేవాడు. వల సూదులకి దారం ఎక్కించి ఇచ్చేవాడు. ముప్పై ఏళ్లుగా సముద్రం మీద నడిచిన మనిషి, షెడ్డు నుంచి రోడ్డు మీదకి ఉన్న నాలుగు మెట్లెక్కి కమ్మీ పట్టుకుని నిలబడేవాడు. ఆసుపత్రిలో అతనన్న మాట మేమిద్దరం ఎప్పుడూ ఎత్తలేదు. ఒకసారి నేను మొదలుపెట్టబోతే, "దారం అయిపోనాది, ఇంకో ఉండ ఇయ్యి," అన్నాడు.

గ్రంథాలయంలో పెద్దాయనకి మాత్రం జరిగింది చెప్పాను. ఆయన నవ్వలేదు. ఇంజను గది ఎంత లోతని అడిగారు. మనిషెత్తు ఉంటుందన్నాను. గాలి వచ్చే దారి? పైన మూత ఒక్కటే.

"మాకు ల్యాబులో చేరిన మొదటిరోజే చెప్పారయ్యా. ఆ వాసనొస్తే గాలి వచ్చేవైపు పరిగెత్తమని. సమీకరణం చాన్నాళ్లకి నేర్పారు," అన్నారు.

ఆ మాట నాతోపాటు ఇంటికి వచ్చింది. సమీకరణంలో తప్పేమీ లేదు. ఇప్పటికీ అది రెండు వైపులా సరిపోతుంది. ఎన్ని అణువులు ఎన్నవుతాయో అది చెబుతుంది. ఎంత గదిలో, ఎన్ని గంటలు, మూత తెరిచి ఉందా మూసి ఉందా అన్నది అది చెప్పదు. ఆ సంగతులు చెప్పే వాక్యాలు అదే పుటలో కింద ఉన్నాయి. గాలికంటే బరువైనదంటే గుంతలో అడుక్కి దిగి కూర్చుంటుందని అర్థం. ఇంజను గది గుంత. బావ మొహం పెట్టింది అడుగునే. గ్లాసు ప్రయోగం చేసింది పైతట్టు మీద, సముద్రపు గాలిలో. నాకు ఈ రెండు చోట్లకీ తేడా తెలుసుకోవడానికి కావలసిన చదువంతా ఉంది. ఆ గది మూత దగ్గర నిలబడి ఆ చదువుని మెచ్చుకుంటూ ఉండిపోయాను.

మళ్లీ ఎండాకాలం వచ్చింది, నిషేధం వచ్చింది, ముగిసే రోజు వచ్చింది. మూడో బంతి సగం దాకా లేస్తోంది. "సగం సాల్లే," అన్నాడు బావ. అక్క వద్దనలేదు. బట్టలు మూట కట్టింది. కొబ్బరికాయ కొట్టారు, గంగమ్మకి దండం పెట్టుకున్నారు. బావ బోటెక్కి స్టీరింగ్ దగ్గరకి నడిచాడు. ఐసు ఎక్కించుకోవడానికి బోటుని అవతలి జట్టీకి తిప్పాలి. కట్టు తాళ్లు వదలమని కేకేయడం డ్రైవరు పని. బావ నోరు తెరిచాడు. మొదటి కేక సగంలో విరిగిపోయింది. రెండోది దగ్గయింది. కళాసీలు అటూ ఇటూ చూపులు తిప్పుకున్నారు. బావ కాసేపు స్టీరింగ్ పట్టుకునే నిలబడి, తర్వాత పక్కనున్నవాడి భుజం తట్టి, "నువ్వు పట్టు," అన్నాడు. ఐసు జట్టీ దగ్గర మూట చంకన పెట్టుకుని దిగిపోయాడు. "నడిసి ఇంటికెల్తాను. ఎనకాల రాకండి," అన్నాడు.

బావ మళ్లీ సముద్రం మీదకి వెళ్తాడనే ఆశ ఉన్నంతకాలం ఆ అబద్ధం కింద తలదాచుకున్నాను. అతను ఇంటివైపు నడిచి వెళ్లాక వేలంపాట చప్టా మీద బోర్లించిన బుట్ట మీద కూర్చున్న అక్క దగ్గరకి వెళ్లాను.

"అక్కా, ఆ రోజు ఆసుపత్రిలో బావ సెప్పింది నిజం కాదు. నాను ఒద్దన్లేదు. వైర్లు పీకేత్తే ఆగిపోద్దన్నాను. అది ఇసమని నాకు తెలుసు. రాసుకున్నాను కూడా."

అక్క నావైపు చూడలేదు. "తెలుసు."

"బావ సెప్పాడేటి?"

"సెప్పక్కర్లేదు. నువ్వు ఒద్దంటే మీ బావ దిగడు. నీ సదువంటే అంత గురి."

అక్కే మళ్లీ అంది. "ఏడాది బట్టి సూత్తన్నాను ఎప్పుడు నోరిప్పుతావా అని. ఇప్పుడు నాకు సెప్పీసి తేలికైపోదామనుకున్నావేటి? అటు సూడు. రేపు ఎల్లే బోట్లు ఎన్నున్నాయో. ఒక్కడికైనా సెప్పావేటి?"

"లేదు."

"బాటరీలు కింద ఎట్టుకుని బ్లీచింగు వాసనొత్తే కడిగారనుకుని దిగీవోడు ఆ ఒక్కడేనేటి? ఎల్లు. నా మొకం సూత్తే ఏటొత్తాది?"

జట్టీకి ఆనుకున్న మొదటి బోటెక్కాను. దాని డ్రైవరు పైతట్టు మీద కూర్చుని అన్నం తింటున్నాడు. బాటరీలు ఎక్కడున్నాయని అడిగాను. కిందేనన్నాడు. నా దగ్గర కాగితం లేదు, పెన్నూ లేదు. ఉప్పునీరు బాటరీ మీదకొస్తే బ్లీచింగు వాసన వస్తుందని చెప్పాను. ఆ వాసనొస్తే మూత తీసి దూరంగా జరగమన్నాను, ఎవరూ దిగొద్దన్నాను, లోపలికి గాలి బాగా ఆడాకే ఏదైనా చేయమన్నాను. అగ్గిపుల్ల గీయొద్దన్నాను. బాటరీలు నడుమెత్తున కట్టుకోమన్నాను.

"బ్లీచింగుకి భయపడతారేటి ఎవులైనా?" అని నవ్వాడతను. "నీకెవుడు సెప్పాడు?"

"పుస్తకంలో ఉంది. తెలిసుండీ మా బావని దిగనిచ్చాను," అన్నాను.

అతని చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఏడాదిగా మా బావని షెడ్డులో చూస్తున్నవాడే. లేచి, చెయ్యి కడుక్కుని, ఇంజను గది మూత తెరిచి టార్చి తెమ్మని లోపలివాళ్లని కేకేశాడు.

బోట్లు ఒకదానికొకటి ఆనించి కట్టి ఉన్నాయి. ఒకదాని అంచు మీద నుంచి ఇంకోదాని అంచు మీదకి కాలు వేసి, పక్క బోటుకి వెళ్లాను.